సైకిలు అతుకు: అందమెంత? బలమెంత?

మన పెద్దల కాలంలో సైకిలు కొనడమంటే ఇంట్లో చిన్న శుభకార్యమే. హ్యాండిలుకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ వుంచి గాని మొదటిసారి ఎక్కనిచ్చేవారు కారు. గంట మోగుతోందా, డైనమో దీపం వెలుగుతోందా, సీటు స్ప్రింగులు బాగున్నాయా అని పదిమందీ పది రకాలుగా పరీక్షించేవారు. కాని "ఈ ఫ్రేము అతుకు గట్టిదేనా?" అని మాత్రం ఎవరూ అడిగిన జ్ఞాపకం లేదు.

అడగకపోవడానికి కారణం వున్నది. పాత హెర్క్యులిస్, ర్యాలీ, అట్లాస్ సైకిళ్ళలో అతుకు కంటికి కనిపించేది కాదు. ఉక్కు గొట్టాల కొసలను లగ్గులనే తొడుగుల్లోకి దూర్చి, సందుల్లోకి ఇత్తడి కరిగించి పారించేవారు. అతుకు తొడుగు లోపలే దాగివుండేది. ఇప్పటి అల్యూమినియం సైకిలుకు ఆ ముసుగు లేదు. గొట్టానికి గొట్టం నేరుగా ఆనించి వెల్డింగు చేస్తారు. అందుచేత అతుకు నలుగురి యెదుటా నిలబడి వున్నది. కంటపడిన దాన్ని గురించి నాలుగు మాటలు అనుకోవడం మనుషుల స్వభావం గదా!

దుకాణంలో చూస్తే ఈ అతుకులు రెండు రకాలు. ఒకటి చేప పొలుసుల్లా వరసగా మడతలు తేలి వుంటుంది. రెండవది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా, రెండు గొట్టాలూ కలిపి పోత పోసినట్టు నున్నగా వుంటుంది. నున్నటి సరుకు వున్న దుకాణదారు, "వేలితో తడిమి చూడండి మాస్టారూ, ఖరీదైన పని అంటే ఇదీ!" అంటాడు. పొలుసుల సరుకు వున్నవాడు, "ఆ నునుపంతా ఆకురాయితో అరగదీసిందేనండీ! అరగదీస్తే బలం వుంటుందా?" అంటాడు. ఇద్దరి మాటల్లోనూ పిసరంత నిజం వున్నది. ఇద్దరూ చెప్పని నిజం మాత్రం అంతకన్న పెద్దది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నాకు తెలిసిన సంధులు అకారసంధి, ఇకారసంధి వగైరాలు. లోహాల సంధి సంగతి నాకు బోధపరచినవారు మా పక్కవాటాలో వుండే పాలిటెక్నిక్ అధ్యాపకులు. ఆయన చెప్పగా విన్నదీ, ఆ తరువాత చదివి తెలుసుకున్నదీ, మా మేనల్లుడి సైకిలు పుణ్యమా అని కళ్ళారా చూసిందీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

లావుపాటి గొట్టాల రహస్యం

అల్యూమినియం సైకిలు గొట్టాలు అంత లావుగా ఎందుకుంటాయో ముందు తెలుసుకుందాం. అల్యూమినియం బరువు ఉక్కు బరువులో సుమారు మూడవ వంతు. ఇది వినడానికి బాగానే వున్నది. అయితే దాని బిగువు కూడా ఉక్కులో మూడవ వంతే. ఒకే కొలతల గొట్టాలు రెండు చేయించి ఒకే బరువు వేస్తే, అల్యూమినియం గొట్టం ఉక్కుకన్న మూడు రెట్లు వంగుతుంది.

దీనికి విరుగుడు గొట్టాన్ని లావు చెయ్యడం. రేకు మందం మార్చకుండా గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెండు రెట్లే పెరుగుతుంది. కాని వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది! 1970లలో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుకున్న గ్యారీ క్లైన్ ఈ సూత్రం పట్టుకుని లావుపాటి గొట్టాల సైకిళ్ళు తయారుచేశాడు. 1983లో కెనన్‌డేల్ అనే మరో అమెరికా కంపెనీ అల్యూమినియం సైకిళ్ళతో బజారులోకి వచ్చింది. అంతకు ముందే ఇటలీలో అలాన్, ఫ్రాన్సులో విటుస్ కంపెనీలు అల్యూమినియం సైకిళ్ళు చెయ్యకపోలేదు. అయితే వారు వెల్డింగు జోలికి పోలేదు. గొట్టాలను లగ్గులకు జిగురుతో అంటించేవారు. వెల్డింగు అంటే వారెందుకు జంకారో అర్థం కావాలంటే ఈ లోహం తత్వం కొంత తెలియాలి.

మొండి లోహం

కమ్మరి కొలిమిలో ఇనుము కాలితే ఎర్రబడుతుంది, తరువాత పచ్చబడుతుంది, ఆ పైన తెల్లబడుతుంది. ఆ రంగు చూసి కమ్మరి సమ్మెట ఎత్తుతాడు. అల్యూమినియానికి ఆ మర్యాద లేదు. కరిగేదాకా రంగు మారదు. మామూలుగానే కనిపిస్తూ కనిపిస్తూ ఒక్కసారిగా జారి కింద పడుతుంది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. దానిమీద పాలమీది మీగడలా ఎప్పుడూ ఒక సన్నని పొర కట్టి వుంటుంది. గాలి తగలగానే పుట్టే ఆక్సైడు పొర అది. ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. లోపల పాలు పొర్లుతున్నా పైన మీగడ చెక్కుచెదరదన్నమాట! ఆ పొర తొలగకపోతే రెండు ముక్కలూ పక్కపక్కనే కరుగుతాయి గాని ఒకదానిలో ఒకటి కలవవు.

ఈ చిక్కు విప్పినది టంగ్‌స్టన్ కడ్డీతో చేసే వెల్డింగు. దీన్నే టిగ్ వెల్డింగు అంటారు. 1940ల మొదట్లో అమెరికాలో విమానాల తయారీకోసం ఇది పుట్టింది. టంగ్‌స్టన్ కడ్డీ కొసనుంచి విద్యుత్తు మెరుపులా దూకి లోహాన్ని కరిగిస్తుంది. చుట్టూ ఆర్గాన్ వాయువు పారి గాలి సోకకుండా కాపలా కాస్తుంది. అల్యూమినియానికి వాడే విద్యుత్తు అటూ ఇటూ దిశ మార్చుకునే రకం. ఒక దిశలో పారేటప్పుడు ఆక్సైడు పొరను చెదరగొడుతుంది, రెండవ దిశలో లోహాన్ని కరిగిస్తుంది. వెల్డరు ఒక చేత్తో ఈ మంట నడుపుతూ, రెండవ చేత్తో పూరకపు కడ్డీని చుక్క చుక్కగా అందిస్తాడు. ఒక్కొక్క చుక్కా కరిగి గడ్డకట్టినప్పుడు ఒక్కొక్క మడత ఏర్పడుతుంది. మనం చూసే చేప పొలుసులు అవే.

కాబట్టి పొలుసులన్నీ ఒకే కొలతలో, ఒకే ఎడంలో వున్నాయంటే ఆ పనివాడి చెయ్యి నిలకడైనదని అర్థం. ఆ మేరకు అందం అబద్ధం చెప్పదు. అయితే లోపలి సంగతి మొత్తం అది చెప్పలేదు. గొట్టంమీద నూనె మరకో, తేమో మిగిలితే దానిలోని హైడ్రోజన్ కరిగిన లోహంలో దూరి, గడ్డకట్టేటప్పుడు బుడగలై లోపల చిక్కుకుపోతుంది. కరగడం లోతుదాకా పోకుండా పైపైనే జరిగి వుండవచ్చు. పైన ముత్యాలసరం, లోపల జల్లెడ!

గుడ్డ చింపేవాడి గాటు

ఇక నునుపు సంగతి. బట్టల కొట్టులో మనిషి గుడ్డ చింపేటప్పుడు ఏం చేస్తాడు? అంచున కత్తెరతో చిన్న గాటు పెడతాడు. ఆ తరువాత రెండు చేతులతో పట్టుకుని లాగితే చర్రున చిరిగిపోతుంది. గాటు లేకపోతే అదే గుడ్డ ఎంత లాగినా లొంగదు. లాగే బలమంతా గాటు కొసన పోగుపడడమే దీనికి కారణం. లోహానికీ ఇదే న్యాయం.

అతుకు ఉబ్బెత్తుగా వుండి, గొట్టాన్ని తాకే చోట నిటారుగా దిగితే ఆ అంచే గాటు అవుతుంది. పగుళ్ళు సాధారణంగా మొదలయ్యేది ఆ అంచుననే. అతుకు మధ్యనున్న మడతలవల్ల వచ్చే ప్రమాదం అంతగా లేదు. అతుకు గొట్టంలోకి వాలుగా, మెత్తగా దిగితే బలం ఒకచోట పోగుపడక సర్దుకుంటుంది. ఈ లెక్కన నునుపు మంచిదే. కెనన్‌డేల్ కంపెనీవారు అతుకును రెండుసార్లు వేసి, ఆపైన చేతితో సానపట్టి నున్నగా చేసేవారు. చాలాకాలం అది వారి సైకిళ్ళకు గుర్తుగా వుండేది.

మరి అరగదీస్తే బలం పోతుందన్న మాట? అదీ నిజమే. కాని ఎక్కడ అరగదీశారన్నదే ప్రశ్న. అతుకుమీద వేసిన అదనపు లోహాన్ని అరగదీస్తే నష్టం లేదు. ఆకురాయి జారి పక్కనున్న గొట్టాన్ని తింటే మాత్రం కష్టం. ఆ గొట్టం మందమే ఒకటి రెండు మిల్లీమీటర్లు. దానిలో వెంట్రుక మందం పోయినా లెక్కకు వస్తుంది. అడ్డంగా పడిన ఆకురాయి గీతలు తామే కొత్త గాట్లవుతాయి. ఇంకొక నునుపు కూడా వున్నది. అతుకుమీద లప్పం పట్టించి రంగు వేస్తే అదీ నున్నగానే కనిపిస్తుంది. కొనేవాడి వేలికి లప్పమేదో లోహమేదో తెలియదు.

అంటే ఏమి తేలింది? పొలుసుల అతుకూ గట్టిగా వుండవచ్చు, నున్నటి అతుకూ గట్టిగా వుండవచ్చు. రెండూ బలహీనంగానూ వుండవచ్చు. అసలు బలం తేలేది మరొక చోట. ఆ చోటు అతుకు కాదు, అతుకు పక్కన వుండే గొట్టం.

లోహానికీ పాకం వుంది

సైకిళ్ళకు ఎక్కువగా వాడే అల్యూమినియం మిశ్రమం పేరు 6061. దానిలో కొద్దిగా మెగ్నీషియం, సిలికాన్ కలుస్తాయి. ఈ మిశ్రమం మెత్తబడిన స్థితిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 5 లేక 6 కిలోల బరువుకే సాగిపోయి, మళ్ళీ వెనక్కు రాదు. గట్టిపరిచిన స్థితిలో అదే లోహం సుమారు 28 కిలోలదాకా ఓర్చుకుంటుంది. ఒకే లోహంలో ఐదు రెట్ల తేడా! ఈ గట్టిదనం ఎక్కడనుంచి వచ్చింది?

1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే శాస్త్రజ్ఞుడు అల్యూమినియం మిశ్రమాన్ని బాగా కాల్చి చల్లార్చి పరీక్షిస్తున్నాడు. చల్లార్చిన ముక్క కొన్ని రోజులు ఊరికే పడివుండి, తనంతట తానే గట్టిపడిందని గమనించాడు. డ్యూరాలుమిన్ అనే ప్రసిద్ధ విమానలోహం ఆ విధంగా పుట్టింది.

దీని కిటుకు మన వంటింటి భాషలో చెప్పవచ్చు. లోహాన్ని సుమారు 530 డిగ్రీలదాకా కాలిస్తే మెగ్నీషియం, సిలికాన్ అణువులు వేడినీళ్ళలో పంచదార కరిగినట్టు లోహంలో కలిసిపోతాయి. ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే విడిపోయే వ్యవధి లేక అలాగే నిలిచిపోతాయి. తరువాత 170, 180 డిగ్రీల ఓవెనులో సుమారు 8 గంటలు వుంచితే అవి కంటికి ఆనని రేణువులుగా లోహమంతటా పేరుకుంటాయి. లోహపు పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా ఆ రేణువులు అడ్డుపడతాయి. బలం వచ్చేది అందువల్లనే. అరిసెల పాకం పట్టే ఇల్లాలికి ఇది కొత్తగాదు. పాకం లేతగా వుంటే అరిసె విచ్చిపోతుంది, ముదిరితే పాడవుతుంది. లోహంలోనూ రేణువులు సమంగా పేరుకున్నప్పుడే బలం. వేడి ఎక్కువైతే రేణువులు ముదిరి, ఒకచోట చేరి లావెక్కుతాయి. అడ్డుపడే పని మానేస్తాయి.

ఇప్పుడు వెల్డింగు చేస్తే ఏమవుతుంది? అతుకు వేసిన చోట లోహం కరుగుతుంది. దానికి అటూ ఇటూ సుమారు అంగుళం మేర గొట్టం కరగదు గాని బాగా కాగుతుంది. అంత శ్రద్ధగా పట్టిన పాకం అక్కడ చెడిపోతుంది. బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. పైకి మచ్చగాని, మడతగాని కనిపించదు.

మా వ్యాకరణంలో సంధికార్యాలు మూడు. కొత్త అక్షరం వచ్చి చేరితే ఆగమం, ఒకటి పోయి ఇంకొకటి వస్తే ఆదేశం, వున్నది పోతే లోపం. వెల్డింగులో ఈ మూడూ వున్నాయి. పూరకపు కడ్డీ వచ్చి చేరడం ఆగమం. కరిగిన చోట పాత లోహం పోయి కొత్త మిశ్రమం నిలవడం ఆదేశం. పక్కనున్న గొట్టంలో బలం పోవడం లోపం. వ్యాకరణంలో లోపమంటే దోషం కాదు. సైకిలులో మాత్రం దాన్ని పూడ్చితీరాలి.

మంచి కర్మాగారాలు దాన్ని రెండు విధాల పూడుస్తాయి. మొదటిది, గొట్టాన్ని అతుకు పడే కొసల దగ్గర మందంగానూ, నడుమ పలచగానూ తయారుచేయడం. రెండవది, వెల్డింగు పూర్తయిన తరువాత ఫ్రేము మొత్తాన్ని మళ్ళీ 530 డిగ్రీలలో కాల్చి, చల్లార్చి, ఓవెనులో పెట్టి పాకం మొదటినుంచి పట్టడం. చల్లార్చినప్పుడు ఫ్రేము కొద్దిగా మెలిక తిరుగుతుంది. గట్టిపడకముందే దాన్ని సరిచేసి, అప్పుడు ఓవెనులోకి పంపుతారు. మెగ్నీషియంతోబాటు జింకు కలిపిన 7005 అనే ఇంకొక మిశ్రమం వున్నది. దానికి ఈ పెద్ద కొలిమి అక్కరలేదు. వెల్డింగు తరువాత తనంతట తానే నెమ్మదిగా గట్టిపడుతుంది. చిన్న ఓవెనుతో ఆ పని తొందరగా పూర్తిచేయవచ్చు. అనేక కర్మాగారాలు దానిమీద మొగ్గు చూపింది అందుకే.

మా మేనల్లుడి సైకిలు

ఈ సంగతులు పుస్తకంలో చదివితే ఒకలా వుంటాయి, ఇంట్లో జరిగితే ఒకలా వుంటాయి. మా అక్కగారి అబ్బాయి ఇంజనీరింగు కళాశాలకు రోజూ సైకిలుమీద వెళ్ళేవాడు. అల్యూమినియం సైకిలు. వాడి స్నేహితుడి దగ్గర పాతది కొన్నాడు. ఒక ఆదివారం తుడుస్తూ, హ్యాండిలు కిందనుంచి పెడళ్ళవైపు దిగే లావు గొట్టానికి అడుగువైపున గీత ఒకటి చూశాడు. గీసుకున్న గీత అనుకున్నాడు. గోటితో తడిమితే గోరు చిక్కుకున్నది. అది పగులు.

పాతది కొన్న సైకిలుకు గ్యారంటీ వర్తించదన్నారు. బావగారు దాన్ని బజారులో వెల్డింగు దుకాణానికి తీసుకువెళ్ళారు. ఆ పనివాడు గట్టివాడు. కిటికీలు, గేట్లు, పెద్ద పెద్ద వంటపాత్రలు అతకడంలో పేరున్నవాడు. పగులు శుభ్రంచేసి, టిగ్ వెల్డింగుతో అతికి, ఆకురాయితో నున్నగా తీర్చి, రంగుకూడా కలిపి ఇచ్చాడు. "చూడవోయ్! కంపెనీ అతుకుకన్న బాగుంది. ఆరువందల్లో పోయింది" అని బావగారు నాకు చూపించి సంబరపడ్డారు.

మా పక్కవాటా మాస్టారు ఆ సమయానికి మా యింట్లోనే వున్నారు. అతుకును మెచ్చుకున్నారు. మెచ్చుకుని, "పనివాడి చెయ్యి మంచిదండీ. కాని ఓవెను లేదు గదా! అతుకు నిలుస్తుంది. దాని పక్క గొట్టం నిలుస్తుందని మాత్రం నేను చెప్పలేను" అన్నారు. మళ్ళీ పాకం పట్టించే వీలు లేదా అని అడిగాను. "రంగు, బేరింగులు అన్నీ ఊడదీసి, 530 డిగ్రీలు నిలకడగా వుండే కొలిమిలో ఫ్రేము మొత్తం కాల్చాలి. ఆ ఖర్చుకు కొత్త ఫ్రేము వస్తుంది" అన్నారు. బావగారికి ఈ మాట రుచించలేదు. "ఇంత గట్టి అతుకును పట్టుకుని మీరు భయపెడుతున్నారు" అన్నారు. మా అక్క యెటూ చెప్పలేక కొడుకు ముఖం చూసింది. వాడు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. ఒకనాటి సాయంకాలం మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా! తొక్కుతూ వుంటే కిర్రుమని చప్పుడొచ్చింది. దిగి చూశాను. మళ్ళీ పగిలింది. ఈసారి అతుకు మీద కాదు" అన్నాడు. వెళ్ళి చూశాం. అతుకు చెక్కుచెదరలేదు, నున్నగా అలాగే వున్నది. దానికి అర అంగుళం ఎడంగా, ఏ మచ్చాలేని గొట్టంమీద, సగం చుట్టూ పగులు పాకివున్నది. ఆ చప్పుడు వినిపించుకోకుండా వంతెన దిగువకు జోరుగా పోయివుంటే హ్యాండిలు చేతుల్లోకి ఊడివచ్చేదే. మా అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. బావగారు మర్నాడే ఆ ఫ్రేమును రెండు ముక్కలుగా కోయించి పాతసామానుకు వేయించారు. మరొకరు కొని ఎక్కకుండా వుండాలని కోయించడం ఆయనకే తట్టింది. చక్రాలు, బ్రేకులు, గొలుసు కొత్త ఫ్రేముకు పనికివచ్చాయి.

వెల్డింగు పనివాణ్ణి తప్పుపట్టడానికి లేదు. గేటుకూ గంగాళానికీ ఆ అతుకు పదేళ్ళు వుంటుంది. ఎందుచేతనంటే గేటు పదేపదే వంగదు.

లక్షల తొక్కులు

కట్టుతీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదిసార్లు వంచితే విరుగుతుంది. లోహానికీ అలసట వుంటుంది. సైకిలు పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5 మీటర్లు పోతుందనుకుందాం. రోజుకు 10 కిలోమీటర్లు తొక్కేవాడు 2000 చుట్లు, అంటే రెండు కాళ్ళతో 4000 తొక్కులు తొక్కుతాడు. ఏడాదికి 250 రోజులకు లెక్కవేస్తే 10 లక్షల తొక్కులు! ప్రతి తొక్కుకూ ఫ్రేము కంటికి ఆననంత వంగి లేస్తుంది. ఉక్కుకు ఒక సదుపాయం వున్నది. బరువు ఒక హద్దులోపల వుంటే అది ఎన్ని లక్షలసార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న బరువైనా సరే, కొద్దికొద్దిగా ఖాతాలో రాసుకుంటుంది.

అందుకని అల్యూమినియం సైకిలంటే భయపడనవసరం లేదు. ఆ ఖాతా పదుల ఏళ్ళకు గాని నిండకుండా గొట్టాలను లావుగా, కొసలను మందంగా చేయడమే రూపకర్తల పని. 1997లో జర్మనీలోని 'టూర్' పత్రికవారు పేరున్న 12 ఫ్రేములను యంత్రానికి బిగించి, రెండు లక్షలసార్లు బలంగా తొక్కించారు. ఉక్కువీ, టైటానియంవీ, కార్బన్‌వీ, అల్యూమినియంవీ అందులో వున్నాయి. విరగకుండా మిగిలినవి మూడే మూడు. వాటిలో రెండు అల్యూమినియం ఫ్రేములు, ఒకటి కార్బన్ ఫ్రేము. ఆ రెంటిలో ఒకటి ఆ నున్నటి అతుకుల కెనన్‌డేల్. పేరుమోసిన ఉక్కు ఫ్రేములు విరిగిపోయాయి. లోహం పేరు కన్న, దాన్ని రూపొందించి పాకం పట్టిన తీరే ముఖ్యమని ఆ పరీక్ష చెబుతున్నది. సైకిళ్ళ భద్రతకు ఐఎస్‌ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం వున్నది. దాని ప్రకారంకూడా ఫ్రేము పెడళ్ళమీద దాదాపు 100 కిలోల బరువుకు సమానమైన బలంతో లక్షసార్లు నొక్కినా పగలకూడదు.

కొనేవారికి నాలుగు మాటలు

అతుకు నున్నగా వుందా, పొలుసులుగా వుందా అన్నది మీ అభిరుచి. బలం కోసమని నునుపుకు అదనపు ధర ఇవ్వకండి. పొలుసులుగా వుందని వెనకాడకండి. సూదిబెజ్జాలు, గొట్టం పక్కన తవ్వినట్టున్న గాడి, అతుకు మధ్యలో తెగిపోయి మళ్ళీ మొదలైన చోట్లు కనిపిస్తే మాత్రం ఆ సైకిలు వదిలెయ్యండి. దుకాణదారును మూడు ప్రశ్నలు అడగండి. మిశ్రమం ఏది? ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారు? ఫ్రేముకు ఎన్నేళ్ళ గ్యారంటీ, కాగితం ఇస్తారా? ఓవెను మన కంటికి కనిపించదు. దానికి పూచీ ఆ కాగితమే.

ఇంటికి తెచ్చిన తరువాత క్యారియరుకనీ, పాప కూర్చునే సీటుకనీ ఫ్రేముకు కొత్త వెల్డింగులు చేయించకండి. బెజ్జాలు వేయించకండి. పట్టీలతో, బోల్టులతో బిగించే రకాలు దొరుకుతాయి. వంగిన అల్యూమినియం ఫ్రేమును సుత్తితో సాపు చేయించడంకూడా అంతే ప్రమాదం.

నెలకొకసారి సైకిలు కడిగి, మెత్తటి పాతగుడ్డతో తుడవండి. హ్యాండిలు కింద గొట్టాలు కలిసేచోట, అడుగువైపున చూడండి. పెడళ్ళ ఇరుసు చుట్టూ, సీటు బిగించేచోట, వెనకచక్రం కూర్చునేచోట చూడండి. అల్యూమినియానికి ఉక్కులా ఎర్రని తుప్పు పట్టదు. కాబట్టి పగులు ఎర్రగా హెచ్చరించదు. రంగుమీద వెంట్రుకలాంటి గీత కనిపించినా, గుడ్డపోగు చిక్కుకున్నా, తొక్కేటప్పుడు కొత్తగా కిర్రుమన్నా ఆ సైకిలు ఎక్కడం ఆపండి. గ్యారంటీ కాగితం తీసుకుని దుకాణానికి వెళ్ళండి. గడువు దాటితే ఫ్రేము మార్చండి. ఐదారువందల అతుకుతో సరిపెట్టుకోకండి.

సైకిలు తుడిచే పని పిల్లలకే అప్పగిస్తే మరీ మంచిది. రోజూ ఎక్కేవాడి వేళ్ళకు తెలిసినంతగా ఆ గొట్టాల సంగతి ఇంకొకరికి తెలియదు.